చెన్నైలో బీసెంట్ నగర్ నుంచి తిరువాన్మియూర్: తీరం వెంట సిమెంటు దారి కావాలా, ఇసుకే చాలా?

వేలచ్చేరి నాన్న:
ఆదివారం పొద్దున్నే మేము నాలుగైదు తెలుగు కుటుంబాలం బీసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్‌లో బయల్దేరి, సముద్రం పక్కనే నడుచుకుంటూ తిరువాన్మియూర్ చేరుతుంటాం. ఎత్తుపల్లాలు లేవు, చిన్నపిల్లలు కూడా పేచీ పెట్టరు. ఇబ్బందల్లా అష్టలక్ష్మి గుడి దాటాకే. అక్కణ్ణుంచి కుప్పాల (జాలరి పేటల) ముందు ఇసుకలోనే నడవాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కా దారి వేస్తే పిల్లల బండ్లు, పెద్దవాళ్ళు హాయిగా వెళ్ళొచ్చని నా అభిప్రాయం. మీరేమంటారు?

తిరువాన్మియూర్ కోడలు:
వద్దండీ. నేను పూర్తిగా వ్యతిరేకం.

సంవత్సరం మొదటి నెలల్లో ఇదే ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి నీలాంకరై, బీసెంట్ నగర్ మధ్య దాదాపు 7 కిలోమీటర్లు రాత్రిళ్ళు నడిచి గూళ్ళు వెతుకుతోంది. దొరికిన గుడ్లను కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెట్టి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదులుతారు. ఎందుకంత శ్రమ? గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. ఒకప్పుడు రాత్రిపూట వెలుతురుండేది నీళ్ళ మీదే. ఇప్పుడు వీధి దీపాలు చూసి రోడ్డెక్కి చచ్చిపోతాయి. నడకదారి వచ్చిందంటే వెంట స్తంభాలు, దీపాలు, బజ్జీ బండ్లు, చివరికి స్కూటర్లూ వస్తాయి.

కుప్పాల సంగతీ ఆలోచించండి. ఆ ఇసుక మనకు వాకింగ్ చోటు, వాళ్ళకు పని చోటు. పడవ లాగేదీ, వల ఆరేసేదీ, చిక్కు తీసేదీ అక్కడే. చేపల్లో వంజరం ఏదో, శంకర ఏదో మా అబ్బాయి అక్కడ నిలబడి చూసే నేర్చుకున్నాడు. దారి పేరుతో వాళ్ళను పక్కకు జరపమని అడిగే హక్కు మనకు లేదు. ఇక నడక కష్టమంటారా, పొడి ఇసుక వదిలేసి తడి ఇసుక మీద నడవండి, కాలు దిగబడదు. కాకపోతే పిల్లల చెయ్యి వదలకండి, మోకాళ్ళ లోతుకు కూడా దిగనివ్వకండి. ఎలియట్స్ బీచ్‌లో ఉన్న ఆ తెల్లటి కట్టడం, 1930లో మునిగిపోతున్నవాళ్ళను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న కార్ల్ ష్మిట్ జ్ఞాపకార్థం కట్టిందే.

అడయార్ వాసి:
తాబేళ్ళ మాట ఒప్పుకుంటాను. మా అమ్మ మాటేమిటి? ఆవిడది చక్రాల కుర్చీ. 2022 నవంబరులో మెరీనాలో 263 మీటర్ల చెక్కదారి తెరిచాకే ఆవిడ అలల దగ్గరికి వెళ్ళగలిగింది. అంతకుముందు సముద్రమంటే రోడ్డు మీంచి చూడటమే. దీపాలు వద్దంటే మానేద్దాం, పొద్దుటి నడకకు దీపాలెందుకు? దారే వద్దంటే మాత్రం, కాళ్ళున్నవాళ్ళకే తీరం అన్నట్టు అవుతుంది.

నెల్లూరోడు, మైలాపూర్:
ఆ చెక్కదారి తెరిచిన రెండు వారాల్లోపే, డిసెంబరు 9 రాత్రి, మాండస్ తుఫాను వచ్చి చివరి భాగాన్ని పాడుచేసింది. తర్వాత బాగుచేశారు, మంచిదే. చెక్క కాబట్టి మళ్ళీ బిగించుకోవచ్చు. సిమెంటు దారి కింద ఇసుక జారిపోతే? దాన్ని కాపాడ్డానికి బండరాళ్ళు పోయమంటారు. నా భయం అక్కడే. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. చెన్నై హార్బరు గోడలు కట్టాక ఆ ఇసుక ఇటు ఆగిపోయి మెరీనా ఇంత వెడల్పయింది. అటు రాయపురం, తిరువొత్తియూర్ వైపు ఒడ్డు కోసుకుపోయి రాళ్ళ కట్టలు వేయాల్సి వచ్చింది. నడకదారి హార్బరు గోడ కాదని నాకూ తెలుసు. కానీ దారి కోసం పోసే రాళ్ళు ఆ పనే చేస్తాయి.

తిరువాన్మియూర్ కోడలు:
అడయార్ గారూ, అమ్మగారి విషయంలో మీరన్నది న్యాయమే. తీరం పొడవునా కాకుండా, రోడ్డు నుంచి నీళ్ళ వైపు అడ్డంగా చెక్కదారులు అడుగుదాం. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. వాటి పక్కన మరుగుదొడ్డి, మంచినీళ్ళు, కూర్చోడానికి కాస్త నీడ. వీటికైతే అర్జీ మీద మొదటి సంతకం నాదే.

అడయార్ వాసి:
సంతకం నేనూ పెడతాను. కానీ అడ్డంగా వేస్తే మా అమ్మ సముద్రం చూస్తుంది, అంతే. మనవళ్ళు ముందు పరుగెడుతుంటే వెనకాల తిరువాన్మియూర్ దాకా వెళ్ళడం ఆవిడకు కుదరదు. నేనడిగింది అది.

వేలచ్చేరి నాన్న:
కుప్పాల ముందు దారి వేయాలన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా భాగంలో, అంటే గుడికి ఇవతల, తిరువాన్మియూర్ కుప్పానికి అవతల, ఇప్పుడున్న రోడ్డు పక్క ఫుట్‌పాత్‌నే కుర్చీ వెళ్ళేలా సరిచేయమని అడగొచ్చు కదా? ఈ ఆదివారం నడిచేటప్పుడు అంచు ఎక్కడ ఎత్తుగా ఉందో, బండి ఎక్కడ ఆగిపోతోందో ఫోటోలు తీస్తాను. అడయార్ గారూ, వీలైతే అమ్మగారిని తీసుకుని రండి. ఆరింటికల్లా గుడి దగ్గర ఉంటాం.