మామయ్య వ్యాగనారా, డీలర్ దగ్గరి టియాగోనా? బడ్జెట్ 4 లక్షలు

కృష్ణలంక_వాసి: అందరికీ నమస్కారం. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా మేనమామ తన 2018 వ్యాగనార్ అమ్ముతున్నారు. 62 వేల కిలోమీటర్లు తిరిగింది, ఎయిర్‌బ్యాగులు లేవు, 3.20 లక్షలు. డీలర్ దగ్గర 2020 టియాగో ఉంది. 38 వేలు తిరిగింది, 3.90 చెబుతున్నాడు. రెండూ పెట్రోల్, ఫస్ట్ ఓనర్. ఏది తీసుకోమంటారు?

పెదకాకాని_పెద్దాయన: వ్యాగనార్. ఆలోచించే పనే లేదు. మేనమామ కారంటే పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన కారు. ఎత్తుగా ఉంటుంది కాబట్టి అమ్మగారు వంగకుండా ఎక్కి కూర్చుంటారు. పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. నేను ఒక డీలర్‌కి కారు అమ్మితే ఆర్‌సీ మార్చకుండా నెలల తరబడి తిప్పాడు. ఎవడో సిగ్నల్ జంప్ చేస్తే చలానా నా పేరు మీద వచ్చేది. అలాంటివాళ్ల చేతిలో 3.90 పోస్తారా?

హనుమకొండ_స్వాతి: పిల్లల్ని ఎయిర్‌బ్యాగ్ లేని కారులో హైవే ఎక్కిస్తారా? కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ టియాగోకి 2020లో 4 స్టార్లు ఇచ్చింది. వ్యాగనార్‌కి 2019లో వచ్చింది 2 స్టార్లే, అదీ కొత్త మోడల్‌కి. మీ మామయ్యగారిది అంతకన్నా ముందుది.

ఆటోనగర్_ఫిట్టర్: స్టార్ల సంగతి తర్వాత. ఆ 38 వేలు నిజమో కాదో ముందు తేల్చండి. టైరు పక్క భాగం మీద నాలుగు అంకెలుంటాయి. 2220 అంటే 2020లో 22వ వారం తయారీ. నాలుగు టైర్లూ 2023 తర్వాతవి అయితే, 38 వేలకే పాతవి ఎందుకు మార్చారో అడగండి. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిందేమో చూడండి. నంబరు చెప్పి షోరూమ్‌లో సర్వీస్ హిస్టరీ తీయించండి. అందులో పోయినేడాదే 50 వేలని ఉంటే మీటర్ తిప్పినట్టే.

పెదకాకాని_పెద్దాయన: మేనమామ మీటర్ తిప్పుతాడా? ఏం మాట్లాడుతున్నారు?

ఆటోనగర్_ఫిట్టర్: నేను చెప్పింది టియాగో గురించి సార్.

పెదకాకాని_పెద్దాయన: అందుకే కదా టియాగో వద్దంటున్నది!

కొత్తకారే_మేలు: 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కార్లకి పాత రేట్లే చెబితే ఒప్పుకోకండి. రెండిట్లోనూ గట్టిగా బేరమాడండి.

హనుమకొండ_స్వాతి: ఎయిర్‌బ్యాగుల గురించి ఎవరూ జవాబివ్వలేదు. మా తమ్ముడి కారుకి డివైడర్ తగిలినప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది కాబట్టే మనిషి దక్కాడు. 70 వేల తేడా కోసం దాన్ని వదులుకోమంటే నేను ఒప్పుకోను.

పెదకాకాని_పెద్దాయన: మేం ఎయిర్‌బ్యాగుల్లేని కార్లలో పిల్లల్ని పెంచలేదా అమ్మా? నెమ్మదిగా నడిపితే సరి.

హనుమకొండ_స్వాతి: మీరు నెమ్మదిగానే వెళ్తారు. ఎదురుగా వచ్చే లారీవాడు కూడా నెమ్మదిగా రావాలిగా.

నైట్‌డ్యూటీ: ఇంతకీ మామయ్యగారు ఉండేది ఎక్కడ?

కృష్ణలంక_వాసి: విజయవాడ సింగ్ నగర్.

ఆటోనగర్_ఫిట్టర్: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి అక్కడ వరద నీళ్లొచ్చినప్పుడు కారు ఎక్కడుంది?

కృష్ణలంక_వాసి: అడగలేదండీ. ఎలా అడగాలో తెలియలేదు.

పెదకాకాని_పెద్దాయన: అడగక్కర్లేదు. నీళ్లలో మునిగిన కారైతే సొంత మేనల్లుడికి అంటగడతాడా? ఈ రోజుల్లో అందరికీ అందరి మీదా అనుమానమే.

ఆటోనగర్_ఫిట్టర్: సార్, ఆ వరద తర్వాత మా షెడ్డుకొచ్చిన కార్లు నేను చూశాను. బయట కడిగి పాలిష్ కొడితే మునిగిన కారని ఎవరూ చెప్పలేరు. సీట్ బెల్టు చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకి తుప్పు, వైరింగ్ కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి. ఇంజిన్ బాగానే స్టార్ట్ అవుతుంది. ఆర్నెల్ల తర్వాత పవర్ విండో పోతుంది, తర్వాత ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్. పాపం మామయ్యగారికే ఇది తెలియకపోవచ్చు. నేను ఆయన్ని దొంగ అనలేదు.

పెదకాకాని_పెద్దాయన: మెకానిక్‌ని వెంటబెట్టుకుని మేనమామ ఇంటికి వెళ్లడమంటే దొంగ అన్నట్టే! మా అల్లుడు ఇలాగే నా కారు పక్కింటి కుర్రాడితో చెక్ చేయించాడు. నా మొహం మీద నీకు నమ్మకం లేదా అని అడిగితే సమాధానం లేదు. ఆ తర్వాత పండక్కి వచ్చినా ఇదివరకటిలా మాట్లాడుకోలేదు.

హనుమకొండ_స్వాతి: ఇప్పుడు అర్థమైంది. మీ బాధ కారు గురించి కాదు. అసలు ప్రశ్న, బంధువుల దగ్గర కొంటే చెక్ చేయించే హక్కు ఉందా లేదా అని. డీలర్‌తో నాకు మొహమాటం లేదు. బాగోలేదంటే లేచి వచ్చేస్తాను. మామయ్య దగ్గర అలా లేవగలరా?

నైట్‌డ్యూటీ: ఇన్సూరెన్స్ కాగితం అడగండి. క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఆ వరద తర్వాతి రెన్యువల్‌లో సున్నా అయ్యి ఉంటే క్లెయిమ్ చేసి ఉండొచ్చని అర్థం. ఎలాగూ ట్రాన్స్‌ఫర్‌కి ఆ కాగితాలు కావాలి కాబట్టి ఆయనకీ తప్పుగా అనిపించదు.

ఆటోనగర్_ఫిట్టర్: క్లెయిమ్ చేయకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకుని ఉంటే? బెల్టు లాగి చూడాల్సిందే.

కృష్ణలంక_వాసి: ఆదివారం మామయ్యని కారు తీసుకుని ఆటోనగర్ రమ్మంటాను. కొన్నాక సర్వీసింగ్‌కి ఎంతవుతుందో అంచనా వేయించుకుంటానని చెబుతాను. మునిగిందని తేలితే టియాగో సర్వీస్ హిస్టరీ తీయిస్తాను.

పెదకాకాని_పెద్దాయన: సర్వీసింగ్ అంచనా అని చెప్పి పిలిచి బెల్టులు లాగిస్తే ఆయనకి తెలియదనుకుంటున్నారా? అడగాలంటే ఇంటికెళ్లి ముఖాముఖి అడగండి. అదీ ఇష్టం లేకపోతే ఆ కారు జోలికే పోకండి.