టీకా వేసిన పందులు చనిపోతున్నాయి: ఇది పాత స్వైన్ ఫీవరా, ఆఫ్రికన్ స్వైన్ ఫీవరా?

ప్రశ్న (పందుల పెంపకందారు, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫారం. పెద్దవీ పిల్లలూ కలిపి నలభై రెండు పందులు ఉండేవి. పది రోజుల కిందట సంతలో కొన్న నాలుగు పిల్లలను నేరుగా మందలో కలిపాను. గత ఐదు రోజులుగా పందులు మేత మానేసి, ఒకదానిమీద ఒకటి పడి మూలన ముడుచుకుంటున్నాయి. జ్వరం 106 డిగ్రీల వరకు ఉంటోంది. చెవుల కొసలు, పొట్ట కింది చర్మం ఎర్రబడి, తరువాత నీలంగా మారుతున్నాయి. ఇప్పటికి ఏడు చనిపోయాయి. నాలుగు నెలల కిందటే స్వైన్ ఫీవర్ టీకా వేయించాను, మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా ఇప్పించాను, ఫలితం లేదు. మేతగా హోటళ్ల మిగులు అన్నమే వాడతాను. మిగిలినవాటిని సగం ధరకు కొంటానని ఒక వ్యాపారి అడుగుతున్నాడు. ఈ లక్షణాలను బట్టి ఇది ఏ రోగమో చెప్పగలరా? ఫోటోలు పంపమంటే పంపుతాను.

జవాబు 1 (పశువైద్యుడు)

ఫోటోలు చూసి నేను చెప్పలేను. ఎవరైనా చెబితే నమ్మవద్దని కూడా కోరుతున్నాను. పాత స్వైన్ ఫీవర్, అంటే క్లాసికల్ స్వైన్ ఫీవర్, ఆర్‌ఎన్‌ఏ వైరస్ వల్ల వస్తుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దానితో ఏ బంధుత్వమూ లేని డీఎన్‌ఏ వైరస్ వల్ల వస్తుంది. పేరులో పోలిక ఉన్నా ఒకదాని టీకా రెండోదానిని ఆపదు. అయితే బతికున్న పందిలో రెండింటి లక్షణాలూ దాదాపు ఒకేలా ఉంటాయి. పోస్ట్‌మార్టంలో ప్లీహం మామూలుకంటే ఎంతో పెద్దదై, నల్లబడి, ముట్టుకుంటే చితికిపోయేలా ఉంటే ఆఫ్రికన్ రకాన్ని, ప్లీహం అంచుల్లో నల్లటి మచ్చలు, పెద్దపేగులో బొత్తాల వంటి పుండ్లు కనిపిస్తే పాత రకాన్ని అనుమానిస్తాము. అది కూడా అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. ఎరిసిపెలాస్ వంటి బ్యాక్టీరియా రోగాల్లోనూ చర్మం ఎర్రబడుతుంది గాని, అవి సాధారణంగా పెన్సిలిన్‌కు లొంగుతాయి.

మీ మందలో టీకా వేసినవి కూడా పోతున్నాయంటే ఆఫ్రికన్ రకాన్ని అనుమానించక తప్పదు. టీకాను చల్లదనం చెడకుండా తెచ్చారో లేదో కూడా విచారించవలసిందే. జ్వరంతో ఉన్న పంది నుంచి రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో రక్తం, చనిపోయినదాని నుంచి ప్లీహం, లింఫ్ గ్రంథులు, టాన్సిల్స్ తీసి, ఐసులో పెట్టి, వైరస్‌నే నేరుగా పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాలి. యాంటీబాడీల పరీక్ష ఒక్కటే చేయించి, లేవని వస్తే ధైర్యపడడానికి లేదు, ఎందుకంటే ఈ రోగం తీవ్రంగా వచ్చినప్పుడు యాంటీబాడీలు తయారయ్యేలోపే పంది చనిపోతుంది. కళేబరాన్ని మాత్రం మీరు స్వయంగా కోయవద్దు. ఒక్క పంది రక్తంతో మీ ఆవరణ అంతా కలుషితమవుతుంది. ఈ రోజే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. ఈ వైరస్ మనుషులకు సోకదు కాబట్టి ఇంట్లోవాళ్ల గురించి భయపడనవసరం లేదు.

జవాబు 2 (అస్సాంలో పనిచేసిన తెలుగు పశువైద్యురాలు)

వ్యాపారి సంగతి నేను చెబుతాను. మన దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల ఆ సంవత్సరమే నిర్ధారించింది. అప్పటికే ఊళ్లలో పందులు చనిపోతున్నాయి. భయపడి అమ్మినవారు కొందరు, కళేబరాలను నదిలో వేసినవారు కొందరు. ఈ రెండు పనులూ రోగాన్ని ముందుకు నడిపించాయి. అస్సాంలోని కాజీరంగా జాతీయ ఉద్యానవనంలో అడవిపందులను కాపాడడానికి అటవీశాఖ కందకం తవ్వించవలసి వచ్చింది. 2021లో మిజోరంలో ఇదే రోగం వేలాది కుటుంబాల పెరటి పందులను తీసుకుపోయింది. అక్కడ పంది అంటే పిల్లల ఫీజు, పెళ్లి ఖర్చు. ఆ తల్లుల ముఖాలు నేను మరచిపోలేదు. సగం ధరకు కొనే వ్యాపారి ఆ మాంసాన్ని ఎక్కడో అమ్ముతాడు, దాని మిగులు మళ్లీ ఒక హోటల్ బకెట్‌లో చేరి మరొకరి మందకు వస్తుంది. గడ్డకట్టించిన మాంసంలో ఈ వైరస్ సంవత్సరాల తరబడి బతుకుతుంది.

హోటల్ అన్నం మాట కూడా చెప్పక తప్పదు. 1957లో ఈ రోగం ఆఫ్రికా దాటి యూరప్‌లో కాలుపెట్టింది లిస్బన్ విమానాశ్రయం దగ్గర, విమానాల మిగులు ఆహారం తిన్న పందులలోనే. మిగులు అన్నం మానలేకపోతే కలుపుతూ 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటసేపు ఉడికించాలి. గిన్నెలో వేడి తగిలించి దించడం చాలదు.

జవాబు 3 (తరతరాలుగా పందులు పెంచే ఎరుకల కుటుంబం నుంచి)

డాక్టరు గారూ, అమ్మా, మీరు చెప్పినవన్నీ నిజమే. అయినా రోగం వచ్చిందని మావాళ్లు అధికారులకు ఎందుకు చెప్పరో కూడా వినండి. రోగం నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు మేర ఉన్న పందులన్నింటినీ చంపుతారు. చెప్పినవాడి మంద పోవడమే కాక, పక్కింటి ఆరోగ్యమైన పందులు కూడా పోతాయి. ఆ తరువాత ఆ ఊళ్లో వాడి ముఖం ఎవరు చూస్తారు? పరిహారం ఎప్పుడు వస్తుందో తెలియదు. దీనికి టీకా వస్తే తప్ప ఎవరూ నోరు విప్పరు.

జవాబు 4 (మొదటి పశువైద్యుడు)

అన్నా, మీ బాధ న్యాయమైనది. పరిహారం ఆలస్యమైతే రోగం దాచేవాళ్లు పెరుగుతారని మా శాఖలో మేమూ గట్టిగానే చెబుతున్నాము. కాని ఒక లెక్క గమనించండి: పరిహారం ప్రభుత్వం చంపించిన పందులకే వస్తుంది, వాటంతట అవి చనిపోయినవాటికి రాదు. ఆగిన ప్రతి రోజూ రైతుకే నష్టం. చెప్పిన రోజే పశువైద్యునిచేత తలలు లెక్కపెట్టించి, బరువులతో సహా కాగితం మీద రాయించి, ఒక నకలు తీసుకోండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం యజమాని తెలియజేయడం తప్పనిసరి కూడా. టీకా విషయానికొస్తే, వియత్నాం 2022లో ఒక టీకాకు అనుమతి ఇచ్చి, కొన్ని పందులు చనిపోవడంతో ఆగస్టులో వాడకాన్ని నిలిపివేసి, పరిశీలన తరువాత 2023లో మళ్లీ దారి తెరిచింది. మన రైతులకు అది అందుబాటులో లేదు. టీకా లేకుండానే, రోగం తొందరగా పట్టుకోవడం, పాకలు బాగుచేయడం, పరిహారం ఇవ్వడం ద్వారా స్పెయిన్ 1995 నాటికి ఈ రోగం నుంచి బయటపడింది; దానికి దశాబ్దాలు పట్టింది.

ప్రశ్న వేసినవారి నుంచి

ఈ ఉదయం పశువైద్యులు వచ్చి రెండు పందుల రక్తం, చనిపోయిన ఒకదాని ప్లీహం తీసుకెళ్లారు. ముప్పై నాలుగు మిగిలాయని, వాటి బరువులతో సహా రాసి సంతకం చేసి ఇచ్చారు. రాత్రి చనిపోయినదానిని లోతైన గుంతలో సున్నం వేసి పూడ్చాము. వ్యాపారికి రావద్దని చెప్పాను. పాక గుమ్మం దగ్గర కాస్టిక్ సోడా నీళ్ల తొట్టి పెట్టి, మా అబ్బాయి పక్క ఫారానికి పనికి వెళ్లడం ఆపించాను. కిలోమీటరు లోపల ఇంకా రెండు కుటుంబాలకు పందులున్నాయి. ఫలితం వచ్చేలోగా ఈ సాయంత్రం నేనే వెళ్లి వాళ్లకు చెబుతాను.