ఆర్థిక సంఘం డబ్బొస్తోందంటారు, గెడ్డ గోడకు నిధుల్లేవంటారు. ఏది నిజం?

ఎండాడ కుర్రాడు:
కేంద్రం నిధుల పంపకాన్ని సిఫార్సు చేసే 15వ ఆర్థిక సంఘం 2021-26కి విశాఖలాంటి నగరాలకు గ్రాంట్లు ఇమ్మంది కదా. అయినా గెడ్డ (వాగు) పక్కన రిటైనింగ్ వాల్ అడిగితే ఏ కార్పొరేషనైనా "సాధారణ నిధుల్లో మిగులు లేదు" అనే అంటుంది. రెండూ ఎలా కుదురుతాయి?

పద్దుల పంతులు:
రెండూ నిజమే. పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఆ గ్రాంటులో ఇష్టమొచ్చినట్టు వాడుకునే రూపాయి ఒక్కటీ లేదు. మన రాష్ట్రంలో అవి విశాఖ, విజయవాడ. మూడో వంతు గాలి నాణ్యతకి, మిగతాది తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్తకి. అదీ పనితీరు చూపిస్తేనే. గెడ్డ గోడని పారిశుద్ధ్యం పద్దులో ఇరికిస్తే ఆడిట్ పేరా (తనిఖీలో రాతపూర్వక అభ్యంతరం) ఖాయం. చిన్న మున్సిపాలిటీలు నయం, వాటికి ఆ గ్రాంటులో 40 శాతం అన్‌టైడ్, అంటే అవసరమైన పనికి వాడుకోవచ్చు; జీతాలకు మాత్రం వాడకూడదు.

ఆ గ్రాంటుకి అర్హత ఇంకో తలనొప్పి. లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఆస్తిపన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి అయిదేళ్ల సగటు వృద్ధికి తగ్గకుండా పెరగాలి. 14వ సంఘం నిధులైతే ఎన్నికైన పాలకవర్గం ఉన్న చోటికే. జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థ) 2012 నుంచి 2021 దాకా కౌన్సిలే లేదు.

సీతమ్మధార శాస్త్రి:
పంతులుగారూ, ఆస్తిపన్ను పెంచుకుంటే సరి కదా?

పద్దుల పంతులు:
పెంచారుగా. 2021-22 నుంచి మూలధన విలువ (ఆస్తి ఖరీదు) మీద వేస్తున్నారు, కానీ ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి. ఓట్లతో పని, ఇంకేం చేస్తారు!

గాజువాక రావు:
అసలు కోత పైనే ఉంది మాస్టారూ. సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలకు పంచక్కర్లేదు. ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు అలాంటిదే. కేంద్రం వంద వసూలు చేసి, అందులో సెస్సులు 15 అనుకోండి. మిగిలిన 85లో 41 శాతం, అంటే 34.85 మాత్రమే అన్ని రాష్ట్రాలకీ. 2021-26కి అందులో మన వాటా 4.047 శాతం, వెరసి రూపాయీ నలభై ఒక్క పైసలు. జీఎస్టీ పరిహారం 2022 జూన్‌తో ఆగింది. రాష్ట్రానికి చెయ్యి బిగుసుకుంటే ముందు ఆగేది స్థానిక సంస్థలకి ఇవ్వాల్సిందే. రాజ్యాంగం 243-వై అధికరణ కింద రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేసినా ఒప్పుకుని తీరాలని లేదు.

పద్దుల పంతులు:
కుర్రాడూ, సమాచార హక్కు కింద రెండు తేదీలు అడుగు: కేంద్రం గ్రాంటు రాష్ట్రానికి చేరినది, రాష్ట్రం కార్పొరేషన్‌కి జమ చేసినది. పది పనిదినాలు దాటితే వడ్డీతో ఇవ్వాలి. గోడకైతే రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి అడగడం మేలు. విపత్తు నిధిలో 20 శాతం దానికే. ముంపు చరిత్ర, ఎస్టిమేట్ జతచేసి కలెక్టరేట్ ద్వారా పంపించాలి.