అప్‌డేట్: టెక్సస్‌లో పిల్లలకు హంటర్ ఎడ్యుకేషన్, ఆన్‌లైనా క్లాసా?

హంటర్ ఎడ్యుకేషన్ అంటే వేటకి వెళ్ళేవాళ్ళు తీసుకోవాల్సిన భద్రతా శిక్షణ. దానికి పన్నెండేళ్ళవాడికి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను కదా, సరిపోదు. టెక్సస్‌లో ఆన్‌లైన్‌తోనే సర్టిఫికెట్ వచ్చేది 17 నిండినవాళ్ళకే. 9 నుంచి 16 ఏళ్ళవాళ్ళు క్లాసుకైనా వెళ్ళాలి, ఆన్‌లైన్ ముగించి ఫీల్డ్ కోర్సుకైనా (స్వయంగా చేసి చూపించే శిక్షణ) రావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పెద్దలకూ కోర్సు తప్పదు. అమ్మానాన్నలూ, మీ సంగతీ చూసుకోండి.

చదివి నేర్చుకునేవి ఆన్‌లైన్‌లోనే బాగుంటాయి. ఉదాహరణకు, షాట్‌గన్ గొట్టం వెడల్పుని గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో పడితే ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనక 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టమే బద్దలు. అందుకే 20 గేజ్‌వి పసుపు రంగులో చేస్తారు. ఒకే జేబులో రెండూ వేయొద్దు.

కంచె దాటడం మాత్రం చేతికి రావాల్సిందే. ముందు తూటాలు తీసి, యాక్షన్ (తూటా ఎక్కించి, తీసే భాగం) తెరిచి, తుపాకీని కంచె కింద నుంచి అవతలికి నేలమీద పెట్టాలి, గొట్టం మూతి మనకు దూరంగా. మనం తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) వైపు నుంచి దాటాలి. పిల్లలు తప్పేది ఎక్కడంటే, దాటాక తుపాకీని మూతి పట్టుకుని లాగుతారు. ఇంకోటి, ఎత్తగానే వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది. క్విజ్‌లో నూటికి నూరు వచ్చినవాడికీ ఇదే జబ్బు! పక్కన నిలబడి చూసేవాళ్ళుంటేనే దొరుకుతుంది.

ఫీల్డ్ కోర్సుకి ముందు ఇంట్లో సాధనకి చీపురుకర్ర, రెండు కుర్చీల మధ్య తాడు చాలు.