ఫోటాన్ రాకపోయినా పరమాణువు స్థితి ఎందుకు మారుతోంది?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. క్లాసులో ఇంగ్లీషు, హాస్టల్లో ఒడియా. ఈ డౌటు తెలుగులో అడిగితేనే తెగేలా ఉంది.

విషయం లిండ్‌బ్లాడ్ సమీకరణం, అంటే పరిసరంతో ముడిపడిన క్వాంటం వ్యవస్థ స్థితి కాలంతో ఎలా మారుతుందో చెప్పేది. (లిండ్‌బ్లాడ్ దీన్ని ప్రచురించిన 1976లోనే గోరిని, కొసకౌస్కీలతో కలిసి మన దేశపు సుదర్శన్ కూడా దీన్ని విడిగా రాబట్టారు, ఆ పేరు చాలామంది వదిలేస్తారు.) రెండు స్థాయిల పరమాణువు, చుట్టూ సున్నా ఉష్ణోగ్రతలో విద్యుదయస్కాంత క్షేత్రం. పై స్థాయి సంభావ్యత గామా రేటుతో తగ్గుతుంది, కొహెరెన్స్ (రెండు స్థాయిల మధ్య ఉండే దశా సంబంధం) అందులో సగం రేటుతో. ఇంతవరకు లెక్క వచ్చింది.

చిక్కంతా ఆ తర్వాతే. సమీకరణంలో ఒక పదం జంప్, అంటే ఫోటాన్ బయటపడటం. రెండోది మైనస్ సగంతో వచ్చే యాంటీకమ్యుటేటర్ (AB + BA రూపంలోది). పరమాణువును రెండు స్థాయిలూ సమానంగా కలిసిన స్థితిలో పెట్టాం, బయటపడే ఒక్క ఫోటాన్‌నీ డిటెక్టర్ తప్పిపోనివ్వదు, దొరికిన ప్రతిసారీ క్లిక్ ఇస్తుంది అనుకుందాం. క్లిక్ రాకపోయినా ఈ రెండో పదం స్థితిని కింది స్థాయి వైపు జరుపుతుంది! ఫోటాన్ పోలేదు కదా, మరి సగటు శక్తి ఎందుకు తగ్గినట్టు? క్లిక్ రాలేదన్న సమాచారంతో మన అంచనా మారింది, అంతేనా? అలాగైతే మొదట్లో పూర్తిగా పై స్థాయిలోనే ఉన్న పరమాణువు, క్లిక్ రానంతకాలం అక్కడే ఎందుకు ఉండిపోతుంది?

ట్రేస్ తీసి పరిసరాన్ని (ఆ క్షేత్రాన్ని) లెక్కలోంచి తొలగించకముందే, దాని స్థితిని కూడా కలిపి రాసి, రెండు మూడు లైన్ల లెక్కతో ఎవరైనా చూపిస్తారా? ఒట్టి మాటల వివరణలు ఇప్పటికే చాలా విన్నానండీ.