ఎర్రగా అంటే తెలుపా? చామనచాయ మీద ఒక సందేహం

నెల్లూరు మూలాపేటలో మా పక్కింటి అవ్వ మనవడి బొమ్మ నూనె రంగుల్లో వేస్తున్నాను. ఆరేళ్ల పిలకాయ, నిమిషం కుదురుగా కూర్చోడు. సగం అయ్యాక అవ్వ వచ్చి చూసింది. "ముక్కూ మొహం దించేసినావు గానీ, ఎర్రగా చేసినావే నాయనా!"

బుగ్గల దగ్గర ఎరుపు ఎక్కువైందనుకున్నా. నూనె రంగు నీళ్ల రంగులా ఇట్టే ఆరదు, అవిసె నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడాలి. అందుకని పచ్చిగా ఉండగానే కత్తితో గీకేసి, మళ్లీ వేశా. రెండోసారీ అదే మాట: "ఇంకా ఎర్రగానే ఉండాడు. మావాడిది చామనచాయ గదా!"

అప్పుడు వెలిగింది. ఆమె చెప్పేది పెళ్లిచూపుల ఎరుపు. నేను తగ్గించాల్సింది ఎరుపు కాదు, తెలుపు! టైటానియం వైట్ తగ్గించి, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ) పెంచి, నీడల్లో రవ్వంత ఆకుపచ్చ కలిపాక గానీ వాడు వాడిలా రాలేదు.

ఇంతకీ ఈ "చామన" ఎక్కడిది?

— శ్యామ నుంచండీ. శ్యామాకం అనే చిరుధాన్యం చామలైనట్టే. శ్యామ అంటే ఒట్టి నలుపే కాదు, పైరుపచ్చ కూడా. సస్యశ్యామలం అంటాం కదా. మీ ఆకుపచ్చ ఊరికే పోలేదు.

— మాది కందుకూరు. మాకు చాయ అంటే దాపు కూడా: "ఆ చాయలకు పోబాక". పొట్టు తీసిన పప్పు చాయపప్పు. ఇన్ని చాయలూ ఒకటేనా?

— సంస్కృత ఛాయకు నీడ, కాంతి, రంగు అన్నీ అర్థాలే. నీడ పడేంత దగ్గర కాబట్టి దాపు, పొట్టు పోయి రంగు తేలింది కాబట్టి పప్పు అని నా ఊహ. బొమ్మ వేసే నాకు మాత్రం రంగూ నీడా ఒకే మాటలో ఉండడం భలే నప్పింది. పసిమొహంలో ఎముక తేలదు, గీతలుండవు. ఆకారమంతా నీడలోనే. ముక్కు పక్కన నీడ కాస్త ముదిరిందా, ఆరేళ్లవాడు పదహారేళ్లవాడైపోతాడు.

— పెళ్లి ప్రకటనల్లో చామనచాయ అంటే నలుపుకు ముసుగే, మాస్టారూ.

— అక్కడ ముసుగే. అవ్వ నోట మాత్రం కొలత.

— అవ్వ ఒప్పుకుందా మరి?

— ఒప్పుకుంది. వార్నిష్ వేయడానికి ఆరు నెలలు ఆగాలన్నా. "అప్పటికి ఎండల్లో తిరిగి వాడింకా నల్లబడతాడు, మళ్లీ గీకుతావా?" అంటోంది.