ప్లాస్టోసయానిన్ నీలం అంటారు, మరి ఆకు పచ్చగానే ఉందే?

చీనీతోట (అనంతపురం):
బీఎస్సీ బాటనీ చదువుతున్నా. కిరణజన్య సంయోగక్రియలో సైటోక్రోమ్ బీ6ఎఫ్ అనే ప్రోటీన్ల గుంపు దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని, వెలుతురును పట్టే ఫోటోసిస్టమ్ 1 అనే ఇంకో గుంపుకు అందించేది ప్లాస్టోసయానిన్ అనే రాగి ఉన్న ప్రోటీన్ అని బట్టీ పట్టి రాశాను, మార్కులూ వచ్చాయి, అర్థం మాత్రం కాలేదు. ఒక్క రాగి పరమాణువుతో అంత పని ఎట్లా? నీలం ఎందుకు కనపడదు? ఇంకోటి, మా నాయన చీనీ (బత్తాయి) చెట్లకు మైలుతుత్తం, సున్నం కలిపి కొడతాడు, అదీ రాగే కదా, ఈ ప్రోటీన్‌కు పనికొస్తుందా? నవ్వొద్దు.

పాతలెక్చరర్ (కర్నూలు):
నవ్వేదేముంది, మంచి ప్రశ్న. రాగి ఎలక్ట్రాన్ తీసుకుంటే ఒక అమరిక కోరుకుంటుంది, ఇచ్చేస్తే ఇంకో అమరిక. ప్రతిసారీ అట్లా సర్దుకుంటూ కూర్చుంటే ఆలస్యం. అందుకే ప్రోటీన్ దాన్ని తనలోని అమైనో ఆమ్లాలైన రెండు హిస్టిడిన్లు, ఒక సిస్టీన్, ఒక మెథియోనిన్ మధ్య, ఆ రెండు అమరికలకూ నడిమధ్య రకం అమరికలో బిగించి పెట్టింది. ఎలక్ట్రాన్ వచ్చినా పోయినా పెద్దగా కదిలే పని లేదు. 1978లో ఫ్రీమన్ బృందం పోప్లార్ చెట్టు ప్లాస్టోసయానిన్ నిర్మాణం బయటపెట్టినప్పుడు ఇది కళ్లకు కట్టింది. నాకైతే బాటనీ మొత్తంలో ఇంత పొందికైన పనితనం ఇంకోటి కనపడలేదు.

రంగు సంగతి: నీలం ఎలక్ట్రాన్ లేనప్పుడే, తీసుకుంటే రంగు పోతుంది. శుద్ధి చేసిన ప్రోటీన్‌లో ఎలక్ట్రాన్ ఇచ్చే ఆస్కార్బేట్ వేస్తే రంగులేని నీళ్లలా అవుతుంది, ఎలక్ట్రాన్ లాక్కునే ఫెర్రీసయనైడ్ వేస్తే మళ్లీ నీలం. ఆకులో క్లోరోఫిల్ ముందు దాని మోతాదు చాలా తక్కువ. పాలకూర రుబ్బి వడకట్టి నీలం ఏదని అడగొద్దు!

ఎర్రనేల (పులివెందుల):
తమ్ముడూ, మైలుతుత్తం మందుగా కొట్టేది తెగుళ్లకు, ఆకుకు మేతగా కాదు. రాగి నిజంగా తక్కువైతే చీనీ లేత కొమ్మలు చివరి నుంచి ఎండుకుంటూ వస్తాయి, బంక కారుతుంది, అప్పుడు పిచికారీ మేతగానూ పనికొస్తుంది. మామూలుగా ఎండిన ఆకు కిలోకు 5 నుంచి 20 మిల్లీగ్రాములుంటే సరిపోతుంది. ఏళ్ల తరబడి కొడితే రాగి నేలలోనే పేరుకుంటుంది, ఎక్కువైతే ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. నాయనకు అది చెప్పు, ప్రోటీన్ పేరు చెబితే వినడు.

పాతలెక్చరర్:
ఇనుము అంటే గుర్తొచ్చింది. రాగి దొరక్కపోతే కొన్ని ఆల్గేలు ఇనుమున్న సైటోక్రోమ్ సీ6 అనే ప్రోటీన్‌తో ఇదే పని కానిస్తాయి. చీనీకి ఆ వెసులుబాటు లేదు. మొక్కలు రాగి కరువైనప్పుడు దాన్ని వాడే వేరే ఎంజైముల తయారీ తగ్గించి, ఉన్న కాస్తా ప్లాస్టోసయానిన్‌కు మిగుల్చుకుంటాయి.

చీనీతోట:
ఇట్లా చెప్పి ఉంటే క్లాసులో నిద్ర వచ్చేది కాదు సార్. నాయనకు ఎర్రనేల అన్న మాటే చెప్పాను, "మరి మట్టి పరీక్ష నువ్వే చేయించుకురా" అన్నాడు.